ఓపెనర్ చూసిన వెలుతురు

బాలనర్సయ్యకు ఆటలో తెలిసింది పొద్దుటి వేళే. బాలానగర్ ఫ్యాక్టరీ జట్టుకు ఓపెనర్‌గా దిగి, కొత్త బంతి మెరుపు పోయేదాకా వికెట్టు కాపాడడం ఆయన పని. భోజనాల వేళకు ఎప్పుడో అవుటై గోడ నీడన నడుం వాల్చేవాడు. పరుగులు తర్వాత వచ్చినవాళ్లు కొట్టేవారు, పేరూ వాళ్లకే వచ్చేది. రంజీ జట్టుతో కొన్నాళ్లు తిరిగినా అక్కడ ఎక్కువగా నీళ్లు మోయడమే సరిపోయింది. ఇక చాలనుకుని బ్యాటు అటకెక్కించి క్లబ్బు కార్యదర్శి అయ్యాడు.

కార్యదర్శిగా మాత్రం మొండిఘటం. లింగంపల్లి వైపు రాళ్లూ తుమ్మపొదలూ తప్ప ఏమీ లేని జాగా కోసం చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి లీజుకు సంపాదించాడు. నల్లమట్టి తోలించి పిచ్ వేయించాడు. లీగ్ మ్యాచ్‌లు జరిగినంత కాలమే ఆ లీజు. క్రికెట్ సంఘం గుర్తింపు పోతే జాగా పోయినట్టే.

చుట్టూ ఐటీ కంపెనీలు లేచాయి. మైదానం ఉత్తరం కొసన అద్దాల టవర్ కడతాం, అభ్యంతరం లేదని సంతకం పెడితే మీ ఆటగాళ్లకు గదులు కట్టిస్తాం అంటూ ఒక బిల్డర్ వచ్చాడు. ఊరికే సంతకం పెట్టే రకమా మనవాడు? నమూనాగా నాలుగు అద్దాలు బిగించి చూపించమన్నాడు. పొద్దున్నే క్రీజులో నిలబడి, బ్యాటు పట్టుకుని మరీ చూశాడు. కళ్లకు హాయిగా ఉంది. బౌలర్ వెనక నల్లతెర కూడా కట్టాలని షరతు పెట్టి సంతకం చేశాడు. ఎంత ముందుచూపని అందరూ మెచ్చుకున్నారు. పొద్దు వాలాక కూడా ఓసారి చూద్దామని ఎవరికీ తట్టలేదు, ఆయనకు అసలే తట్టలేదు. ఓపెనర్‌కు సాయంత్రం ఎక్కడిది?

టవర్ పూర్తయ్యాక, పొద్దు పడమటికి తిరగ్గానే ఎండంతా అద్దాల మీద పడి పిచ్ మీదికి మళ్లింది. ఆ వెలుగు ముందు నల్లతెర ఏ మూలకూ చాలలేదు. బంతి కనిపించక ఒకడి దవడ పగిలింది. బాలనర్సయ్య టవర్ వాళ్ల దగ్గరికి వెళ్తే, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, సంతకం చేసింది తమరే కదా అని మర్యాదగా సాగనంపారు.

దవడ పగిలిన సంగతి తెలిసి క్రికెట్ సంఘం తనిఖీకి సీతారామయ్యను పంపింది. ఒకప్పుడు బాలనర్సయ్యతో రంజీ జట్టులో తిరిగినవాడే. పొద్దు వాలే వేళకు అతను వచ్చేసరికి బాలనర్సయ్య ప్యాడ్లు కట్టుకుని ఉన్నాడు.

"ఈ వయసులో మీకెందుకండీ ఇది?"

"నేనే ఆడి చూపెడ్త. మంచిగ కనబడుతదని రాసుకో, సీతారామయ్యా."

"సరే, మీ మాటే రాస్తానండి. మీకు కనిపిస్తే చాలు."

క్లబ్బు బౌలర్ నరేందర్‌కు బాలనర్సయ్య ముందే చెవిలో చెప్పి ఉంచాడు, ఆఫ్ స్టంపు బయట మెల్లగ వెయ్యమని. నరేందర్ చెయ్యి లేవడం కనిపించింది. ఆ తర్వాత అంతా తెలుపు. బంతి కీపర్ గ్లోవ్స్‌లో పడ్డ చప్పుడు వినిపించింది. అప్పటికే అలవాటు కొద్దీ చేతులు బ్యాటును పైకెత్తేశాయి. రెండో బంతికీ అంతే. మూడో బంతికీ అంతే.

"భలే వదిలారండీ. ఆ చూపు ఎక్కడికీ పోలేదు," అన్నాడు సీతారామయ్య, కాగితం తీస్తూ.

బాలనర్సయ్య నోరు మూసుకుంటే చాలు, జాగా దక్కుతుంది. జీవితంలో ఆయన సంపాదించిందల్లా ఆ జాగాయే. కానీ వచ్చే ఆదివారం ఇక్కడ నిలబడేది తాను కాదు. చూడకుండా వదిలేయడానికి అందరికీ బంతి ఆఫ్ స్టంపు బయటే పడదు.

"నేను వదల్లే," అన్నాడు చివరికి. "నాకు బంతే కనబడలే. ఆడొద్దని రాయి."

సీతారామయ్య అలాగే రాశాడు.

నరేందర్ బంతి పట్టుకుని దగ్గరికొచ్చాడు. "మరి ఇగ మనం యాడ ఆడాలె సార్?"

"నాకు తెల్వదు బిడ్డా," అని బాలనర్సయ్య ప్యాడ్లు విప్పుకోవడానికి వంగాడు.