అది దీక్ష గడ్డం కాదు

జుట్టు, గడ్డం తీయించుకోవడానికి పావుగంట పట్టింది. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక గల్లీలో చిన్న సెలూన్. మంగలి ముందు భయపడ్డాడు. "సర్దార్జీ, ఇంట్ల చెప్పినవా?" అని రెండుసార్లు అడిగాడు. చెప్పానన్నాను. చెప్పలేదు. గొప్ప కారణం ఏదైనా ఉండి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండేది. ఎండాకాలం, కిక్కిరిసిన బస్సు, తలపాగా కింద కారే చెమట, నేను నేర్చుకుంటున్న కంప్యూటర్ కోర్సులో వెనక బెంచీ నవ్వులు. విసుగొచ్చింది, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

మేం నిన్నమొన్న వచ్చినవాళ్లం కాదు. నిజాం కాలంలో సైన్యంలో పనిచేయడానికి వచ్చిన సిక్కుల సంతతి. ఇంట్లో పంజాబీ, ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడతాం. నాన్నను పాపాజీ అంటాం. ఆయనకు కోపం వస్తే మాత్రం అచ్చంగా తెలుగే వస్తుంది. ఆటోనగర్‌లో లారీల మెకానిక్‌గా చేసి మానేశాడు. ఆదివారాలు గురుద్వారాలో హార్మోనియం ముందు కూర్చుని కీర్తన్ పాడతాడు. పదమూడేళ్ల వయసు నుంచి ఆయన పక్కన తబలా నాది. ఆయన గొంతు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నా వేళ్లకు తెలుసు.

ఆ రోజు నన్ను చూసి ఆయన హార్మోనియం తుడుచుకుంటూ కూర్చున్నాడు. తిడితే సగం భారం దిగేది. అమ్మ ఏడ్చింది. ఆదివారం పొద్దున నాన్న నన్ను లేపకుండానే హార్మోనియం ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను వెనకాలే బస్సులో వెళ్లేసరికి నేను కూర్చునే చోట ఎవరో పెద్దాయన, తెల్లటి నిండు గడ్డం, నీలం తలపాగా, తబలా వాయిస్తున్నాడు. బాగా వాయిస్తున్నాడు. అదే నా కడుపుమంట.

గ్రంథ సాహిబ్ చదివే గ్రంథీని పక్కకు పిలిచి అడిగాను. "జుట్టు తీసినోడు స్టేజీ మీద కూసోవద్దు బేటా, ఇది కమిటీ ఖాయిదా" అన్నాడు. "మళ్ల పెంచు. నెత్తి మీద ముడేసి జూడా కట్టేంత గావాలె. అప్పుడు ఐదుగురు పెద్దల ముందట తప్పు ఒప్పుకో, అమృతం తీసుకో. అప్పటిదాంక కింద కూసోని విను."

"ఎన్ని రోజులు పడుతది?"

ఆయన నా తల వంక చూసి నవ్వాడు. "నీ తలనే అడుగు."

నాకు కావలసింది ఒక్కటే, మళ్లీ నాన్న పక్కన కూర్చోవడం. గురువు మీద భక్తితోనే జుట్టు పెంచావా అని ఆ రోజుల్లో ఎవరైనా నిలదీసి ఉంటే నిజాయితీగా అవునని చెప్పలేకపోయేవాణ్ని. నాన్న పాడుతుంటే ఇంకొకడు తాళం వేయడం భరించలేకపోయాను. కింద కూర్చుని వినడం అసలే నా వల్ల కాలేదు. ఇంట్లో ఉన్న తబలాల జతను పాత దుప్పటిలో చుట్టి అటక మీద పడేశాను. స్టేజీ ఎక్కే రోజు వచ్చేదాకా ముట్టుకోనని అమ్మతో చెప్పాను, పక్క గదిలో నాన్నకు వినబడేంత గట్టిగా. అటు నుంచి పేపర్ తిప్పిన చప్పుడు వినబడింది.

జుట్టు పెంచడంలో ఉన్న హింస ఏమిటంటే, మనం చేయడానికి పనేమీ ఉండదు. చదివితే పరీక్ష పాసవుతాం, నడిస్తే ఊరు చేరతాం. ఇక్కడ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నిన్నటి తలనే మళ్లీ చూసుకోవాలి. ఆర్నెల్లకు చెవుల మీద పడి దురద. దువ్వితే నిలవదు, ముడేద్దామంటే అందదు. తలపాగా కడితే లోపల ముడి లేక వెనక్కి జారిపోయేది. అమ్మ రోజూ నూనె రాసి రబ్బరు బ్యాండుతో ఏదో పిలక లాంటిది కట్టేది. చూసినవాళ్లెవరికీ అది సిక్కు తల అనిపించేది కాదు, పనీపాటా లేనివాడి తలలా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉద్యమం ఊపందుకుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. మా ఇంటికి దాని ముందు నుంచే వెళ్లాలి. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయమని ఒట్టు పెట్టుకున్నవాళ్లు అప్పట్లో వీధికి ఒకరుండేవారు. ఆ టెంటు నడిపేది నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ట్రాలీ ఆటో నడుపుకునే మనిషి. ఒక సాయంత్రం నా చేయి పట్టుకుని ఆపాడు.

"అన్నా, నువ్వు గూడ ఒట్టు పెట్టుకున్నవా?"

"కాదన్నా, మేం సర్దార్లం. గందుకే పెంచుతున్న."

"సర్దార్లకు పగిడీ ఉంటది గద. నీదేది మరి?"

ఇక తప్పదని, జుట్టు కత్తిరించుకున్న దగ్గర నుంచి మొత్తం నడిరోడ్డు మీద చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. విని, "ఏదైతేంది, గడ్డం గడ్డమే గదనే" అని నా మెడలో బంతిపూల దండ వేసి టెంటులో కూర్చోబెట్టాడు. మన సర్దార్ అన్న గడ్డం దీక్ష పట్టిండని మైకులో చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచేలోపు ఫోటో కూడా తీసేశారు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, నాలుగు తరాలుగా ఇక్కడి నీళ్లే తాగుతున్నాం. కానీ నా మొహం మీద వెంట్రుకలకు కారణం నేను చెప్తే ఎవడికీ పట్టకపోవడం ఏమిటని ఇంటికి వెళ్లేదాకా పళ్లు కొరుక్కున్నాను.

ఆ ఫోటో ఎలా చేరిందో మా కోచింగ్ సెంటర్ యజమానికి చేరింది. ఆయనది గుంటూరు వైపు. జుట్టు తీయించుకున్న కొత్తలో, కంప్యూటర్ కోర్సు ముగియగానే, చక్కటి క్రాఫుతో ఆయన దగ్గర మాస్టారుగా చేరాను. మంచివాడే, గొంతు పెంచి మాట్లాడడు. గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు.

"మాస్టారూ, మీ దీక్ష మీది, నేను కాదనను. కాకపోతే మా వైపు పిల్లల తల్లిదండ్రులు కంగారుపడుతున్నారండీ. కాస్త ట్రిమ్ చేయించుకుంటే..."

"దీక్ష కాదు సార్. ఇది మా మతం."

"మతమైతే చేరినప్పుడు లేదేంటండీ?"

"అప్పుడు తీసేశాను సార్. మళ్లీ పెంచుతున్నాను."

ఆయన మొహంలో కంగారు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. నల్లగొండాయనకు నేను ఉద్యమకారుణ్ని, గుంటూరాయనకూ ఉద్యమకారుణ్నే, గురుద్వారాలో మాత్రం జుట్టు తీసినవాణ్ని. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి, ఆటోలూ దొరకలేదు. గురుద్వారా మూసీ అవతల. కొన్ని వారాలు నాన్న పొద్దున్నే వరండాలో హార్మోనియం పెట్టుకుని ఒక్కడే పాడుకున్నాడు. సమ్మె ముగిసింది గానీ ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది. తాళం లేని పాట బోసిగా ఉండేది. ఒకరోజు మధ్యలో ఆగి, అటక వైపు చూసి, మళ్లీ అందుకున్నాడు. నేను చూడనట్టు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాను. స్టేజీకి పనికిరాని చెయ్యి ఇంట్లో మాత్రం ఎందుకు పనికొస్తుందని నా పంతం.

చివరికి తెలంగాణ వచ్చింది. ఎల్బీనగర్ అంతా రంగులు, డప్పులు, టపాసులు. ట్రాలీ ఆటో మనిషి మంగలిని వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. "అచ్చింది గదనే! ఇగ తియ్యి గడ్డం. మన టెంటోళ్లందరిదీ అయింది, నీదొక్కటే బాకీ." మంగలి అప్పటికే కత్తెర తీశాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి అరిచాను, తీసేది కాదు, తీసేది కాదని. ఆయన నిజంగా బాధపడ్డాడు. "రాష్ట్రం అచ్చినంక ఇంకేం గావాలె అన్నా నీకు?" అన్నాడు. తబలా అన్నాను. నా మొహంలోకి చూసి, గట్టిగా నవ్వి, నా నోట్లో లడ్డూ కుక్కి వెళ్లిపోయాడు.

అప్పటికి జూడా నిలుస్తోంది, తలపాగా జారడం లేదు. ఐదుగురి ముందు చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాను. శిక్షగా నలభై రోజులు గురుద్వారా గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల చెప్పులు తుడవమన్నారు. తుడిచాను. ఆ తర్వాత అమృతం ఇచ్చారు, కత్తితో కలిపిన పంచదార నీళ్లు. అది తాగినప్పుడు నాకు నిజంగానే కళ్లలో నీళ్లొచ్చాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. వచ్చే ఆదివారం నువ్వు కూర్చో అని నాన్న ముక్తసరిగా అన్నాడు. నీలం తలపాగా పెద్దాయన లేచి, నా వీపు తట్టి, చోటు ఇచ్చాడు.

నాన్న ఏడు మాత్రల తాళంలో ఒక శబద్, గ్రంథ సాహిబ్‌లోని పాట, ఎత్తుకున్నాడు. నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన తాళం. మొదటి రెండు ఆవృత్తాలు బాగానే నడిచాయి. మూడోసారి ఆయన పాట చరణాన్ని కాస్త సాగదీయగానే నా చెయ్యి ఎనిమిది మాత్రల్లోకి వెళ్లిపోయింది. మొదటి దెబ్బ ఎక్కడ పడాలో తెలుసు, అక్కడ పడడం లేదు. వేళ్లు కట్టెల్లా ఉన్నాయి. నాన్న తల ఊపుతూ దారి చూపించాడు, గొంతు తగ్గించి నా కోసం ఆగాడు, అయినా అందలేదు. మూడు శబద్‌లు పాడవలసినవాడు ఒక్కదానితో ముగించాడు.

బయట మెట్ల మీద ఆయన చెప్పులు వేసుకుంటుంటే పక్కన నిలబడ్డాను.

"జుట్టు మంచిగ పెరిగింది" అన్నాడు. తెలుగులో అన్నాడు. "రోజూ నూనె పెట్టిచ్చుకున్నవ్, దువ్విచ్చుకున్నవ్. మరి చేతికేం చేసినవ్‌రా?"

"స్టేజీ లేకపాయె గద పాపాజీ."

"స్టేజీ కమిటీది. ఇల్లు ఎవనిది? ఇన్నేండ్లు పొద్దుగాల పొద్దుగాల వరండాల ఒక్కణ్నే కూసోని పాడిన. ఒక్క దినమన్న అచ్చి నా పక్కకు కూసున్నవా?"

వచ్చే వారానికి ఆ నీలం తలపాగా పెద్దాయన్నే రమ్మన్నానని చెప్పి ఆటోను పిలిచాడు. అన్నాళ్లూ నన్ను తన పక్కన కూర్చోనివ్వనిది ఆయనే అనుకుంటూ ఉన్నాను, కూర్చోనిది నేను.