వెంతూరా తలకు తెలిసిన ఎండ

మా ప్రియొరాట్ కొండల్లో ద్రాక్ష పండిందో లేదో కొందరు నాలుకతో తెలుసుకుంటారు, కొందరు కళ్ళతో. మా వెంతూరా మాత్రం బట్టతలతో తెలుసుకునేవాడు.

కోతల కాలం వచ్చిందంటే చాలు, ముక్కాలిపీట చంకలో పెట్టుకుని తోట తర్వాత తోట ఎక్కేవాడు. టోపీ తీసేసి పొద్దుగూకేదాకా తీగల మధ్య కూర్చుని, తల తడిమి చూసుకుని తీర్పు చెప్పేవాడు. ఎండవాలు తోటల నుంచి ఆ తల నిప్పుల మీద కాల్చిన మిరపపండులా దిగివచ్చేది. అక్కడి నల్ల పలకరాళ్ళు పగలంతా ఎండ తాగి, పొద్దుపోయాక కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. పళ్ళు చిన్నవి, తోలు మందం, తీపి జాస్తి. వట్టి వాటినే తొట్టిలో వేస్తే వైన్ పాకంలా నోటికంటుకుంటుంది. రెండో గ్లాసుకి మనిషి బల్లకంటుకుంటాడు.

నా తోట కొండనెత్తిన, నీడవాలులో ఉంది. గాలి తప్ప వేరే చుట్టం రాదు. పళ్ళు తీరిగ్గా పండుతాయి, పుల్లగా గడుసుగా ఉంటాయి. "అచ్చం యజమానురాలిలాగే" అనేవాడు వెంతూరా. నేనూ నా మొగుడూ రాయి పగలగొట్టి నాటిన తీగలవి. ఆయన పోయాక నాకు మిగిలిన తోడు అవే.

తోటలోనే కాదు, ఎక్కడున్నా వెంతూరాకి ఎండ లెక్కే. మా ఊరి వైన్ సొసైటీ ప్రెసిడెంటు ఎలోయ్ వాళ్ళ నాన్నని పూడ్చిపెడుతుంటే అందరూ టోపీలు తీసి ఏడుస్తున్నారు. ఇతను నా చెవిలో, "వదినా, ముసలాయనకి మంచి ఎండవాలు దొరికింది" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను చేతిగుడ్డలో మొహం దాచుకుంటే, ఎంత దుఃఖమో అని ఊరంతా ఓదార్చింది.

ఒక ఏడు వేసవి మమ్మల్ని వేయించుకు తింది. కింది తోటలు ముందే కోసేశారు. ఎలోయ్ మీటింగు పెట్టి, వచ్చేవారం సొసైటీ వైన్‌కొట్టు తలుపు మూసి, వచ్చిన రసాలన్నీ కలిపేద్దాం అన్నాడు. మా కట్టుబాటు ఒకటుంది: తలుపు మూశాక ఏ గంపా గడప దాటదు. వరసగా రెండేళ్ళు పంట రాని తోటని సంఘంలోంచి తీసేస్తారు. ముందటేడు నా పంటని వడగళ్ళు ఊడ్చేశాయి. ఇప్పుడేమో నా పళ్ళు ఇంకా పచ్చివి.

"రెమేయమ్మ పళ్ళ కోసం ఊరంతా ఆగాలా?" అన్నాడు ఎలోయ్, నన్ను చూపిస్తూ.

నేను నోరు విప్పేలోపే వెంతూరా లేచాడు. తోటలన్నిటి రసమూ పాళ్ళు చూసి కలిపేది అతనే మరి.

"ఆమె పళ్ళ మాట ఎవరెత్తారు? ఆగమంటున్నది నా తల!"

"నీ తలకేమొచ్చింది?"

"నీడవాలు ఇంకా దానికి అందలేదు. అందకుండా పాళ్ళు ఎలా చెప్పను? పోనీ నువ్వు కలుపుతావా?"

ఎలోయ్ తన తల తడుముకున్నాడు. నిండా జుట్టు. "సరే, పోయి కూర్చో" అన్నాడు.

వెంతూరా నా తోటలో మకాం పెట్టాడు.

"ఏమంది తల?" అని సాయంత్రం అడిగాను.

"పొగమంచు కదా వదినా, సరిగ్గా వినపడలేదు."

మర్నాడు అడిగితే, "గాలికి దాని ధ్యాస చెదిరింది."

ఆ తర్వాత, "ఆదివారం కదా, దానికి సెలవు."

ఎలోయ్ రొప్పుతూ కొండెక్కి వచ్చి, "నీ తల నా ప్రాణం తీస్తోందయ్యా!" అని మొత్తుకున్నాడు. ఈలోగా నా గుత్తులు నిమ్మళంగా నల్లబడ్డాయి. ఒకనాటి సాయంత్రం వెంతూరా తల నిమురుకుని, "అయింది. కొయ్యి వదినా" అన్నాడు. నా గంపలు దించాకే తలుపు మూశారు. చలికాలంలో పీపా తెరిచి చూస్తే, ఆ పాకానికి వెన్నెముక వచ్చింది. ఎలోయ్ మూడు గ్లాసులు తాగి నిటారుగా ఇంటికెళ్ళాడు. అది తర్వాతి మాట.

తలుపు మూసిన మర్నాడే కుందేలు వండి వెంతూరా ఇంటికి పట్టుకెళ్ళాను. అతను దుప్పట్లో ముడుచుకుని తుమ్ముతున్నాడు.

"తల తెలివంతా ముక్కులోంచి కారిపోతోందే!" అన్నాను.

"తలేమిటక్కా, తలకాయ!" అంది అతని పెళ్ళాం కితేరియా. "ఒక్క పండు కొరికితే చాలు, ఏ తోటదో, ఎప్పుడు కొయ్యాలో చెప్పేస్తాడు. పెళ్ళయిన నాటినుంచీ చూస్తున్నా."

"మరి ఈ ఎండలో మాడటం, మంచులో తడవటం ఎందుకు?"

"పండు కొరికి 'ఆగండి' అంటే, ఎలోయ్ కూడా ఒకటి కొరికి 'అక్కర్లేదు' అంటాడు. బట్టతలతో ఎవడు వాదిస్తాడు? కొండమీది తోటలన్నీ నీలాంటి ఒంటరివాళ్ళవే కదక్కా. అవి పండేదాకా ఏటా ఏదో ఒక సాకు చెప్పి నెట్టుకొస్తాడు."

"దానికి నోరెక్కువ" అని దుప్పట్లోంచి గొణిగాడు వెంతూరా. "వదినా, నీ పులుపు లేకపోతే ఆ వైన్ పందులు కూడా ముట్టవు. అంతే సంగతి."

అతన్ని చల్లగా ఉండమని దీవించాలనుకున్నాను. కానీ మంచిమాట నా నోటికి అలవాటు లేదు.

"ఇంకోసారి ఆ మంచులో కూర్చున్నావంటే తలమీద పుట్టగొడుగులు మొలుస్తాయి, చూసుకో!" అన్నాను.

వెంతూరా గిన్నె మూత తీసి కుందేలు వాసన చూశాడు.

"మొలిస్తే నీకే ఇస్తాలే వదినా" అన్నాడు. "ఇందులో అవే తక్కువయ్యాయి."