కాడతో కోసిన పూలు

సత్యవేణి ముక్కు సంగతి ఆ చుట్టుపక్కల చుట్టాలందరికీ తెలుసు. పెళ్ళివారింట్లో పులిహోర కలుపుతుంటే గుమ్మంలోంచే ఇంగువ తక్కువైందని చెప్పేది. మూత తీయకముందే మజ్జిగ పులిసిందో లేదో చెప్పేది. ఇక పూల సంగతి చెప్పనే అక్కర్లేదు. కళ్ళు మూసి దోసిట్లో పోస్తే ఇది విరజాజి, ఇది సన్నజాజి, ఇవి నిన్నటి మల్లెలు, ఇవి ఈ పూట కోసినవి అని విడదీసేది.

కొత్తపేట నుంచి అంబాజీపేట వెళ్ళే దారిలో కాలవ పక్కన వాళ్ళ ఊరు. ఇంటి ముందు మల్లెపందిరి, నూతి దగ్గర మరువం, దవనం మళ్ళు, వెనక కొబ్బరితోట. వేసవి సాయంత్రాలు ఇరుగుపొరుగు ఆడపిల్లలు ఆమె అరుగు మీదికి చేరి మాలలు కట్టించుకునేవారు. భర్త కేశవరావు కొబ్బరీ వరీ చేసుకునే రైతు, మాట తక్కువ మనిషి. పందిరి కింద పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవాడే తప్ప, పూల గురించి ఆయన ఏనాడూ ఒక మాటన్నది లేదు. ఒక్కతే కూతురు యామిని. అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం, అక్కడే కాపురం. ఆదివారాలు బస్సెక్కి వచ్చి తల్లిని చూసి పోతుంది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరికీ సోకింది. జ్వరం తగ్గింది, నీరసం తగ్గింది. పోయిన వాసన కేశవరావుకి కొద్దిరోజుల్లోనే తిరిగొచ్చింది. సత్యవేణికి రాలేదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని చూసింది. అమలాపురంలో ముక్కు డాక్టరు రోజూ పొద్దున్నే లవంగం, నిమ్మతొక్క, నీలగిరి తైలం వరసగా వాసన చూస్తూ ఉండమన్నాడు. కొందరికి నెమ్మదిగా వస్తుందన్నాడు, కొందరికి రాదని కూడా అన్నాడు. ఆమె ఏడాది పాటు ఒక్కరోజు మానకుండా చూసింది. నీలగిరి తైలానికి ముక్కులో చిన్న మంట తెలిసేది, అంతే. లవంగం పుల్లముక్కలా ఉండేది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోతే, అదే వంటింట్లో నిలబడి కూర తరుగుతున్న మనిషికి తెలియలేదు. పొలం నుంచి వస్తూ వీధిలోనే ఆ వాసన పట్టి, కేశవరావు పరుగున వచ్చి పొయ్యి కట్టేశాడు.

ఆ తరవాతి వేసవిలో మల్లెలు విరగబూశాయి. సత్యవేణి ఎప్పటిలాగే బుట్ట పట్టుకుని వెళ్ళి కోసింది. దోసిలినిండా తీసుకుని ముఖం దగ్గర పెట్టుకుంది. తడిగా, చల్లగా తగిలాయి. ఇంకేమీ లేదు. మాల కట్టబోతే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ, ఎవరిదో ఇంట్లో కూలికి కట్టినట్టుంది ఆమెకి. ఆ తరవాత పందిరి వైపు వెళ్ళడం మానేసింది. మొగ్గలు విచ్చి, రాలి, నేల మీద ఎర్రబడేవి. ఊడవడానికి కూడా ఆమెకి మనసయ్యేది కాదు. ఆషాఢంలో ఒకరోజు కేశవరావు చేలో ఉండగా కూలివాళ్ళని పిలిచి పందిరి పీకించేసింది. మొదళ్ళతో సహా తవ్వించేసింది. ఆయన మధ్యాహ్నం వచ్చి, బోసిపోయిన చోటు వైపు కాసేపు చూసి, అన్నం వడ్డించమన్నాడు. ఒక్క మాటా అనలేదు. అనలేదు గనక ఆయనకి పట్టలేదనే ఆమె అనుకుంది.

ఎదురింట్లో రెబెకా ఉంటుంది, ఊళ్ళో బడిలో టీచరు. ఆమె అత్తగారికి లేత కొబ్బరిబొండాలు పట్టుకెళ్ళింది సత్యవేణి ఒక శనివారం. వసారాలో బల్ల మీద గాజు సీసాలో పూలున్నాయి. ఎరుపు, నారింజ, గులాబీ రంగులవి, జీనియాలు. పొడుగాటి కాడల మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. సత్యవేణికి పూలంటే తలలో పెట్టుకునేవి, దేవుడికి వేసేవి. తొడిమ దగ్గర తుంచడమే గానీ కాడ ఉంచడం ఆమె ఎరగదు. మర్నాడు చర్చిలో పెట్టడానికి కోసి ఉంచానని రెబెకా చెప్పింది.

"వాసనేం ఉండదండి వదినగారూ వీటికి. చూట్టానికే," అంది, తన పూలని కాస్త తక్కువ చేసి చెప్పుకుంటున్నట్టు.

సత్యవేణి ఆ మాట విని సీసాకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఈ పూల ముందు తనకి లోటేమీ లేదు. రెబెకాకి ఎంత దొరుకుతుందో తనకీ అంతే దొరుకుతుంది. వాసన కోసం వెతుక్కోకుండా ఒక పువ్వుని అంతసేపు చూడడం ఆమెకి అదే మొదలు. రేకుల వరసలు, నడుమ పసుప్పచ్చ చుక్కలు, ఒక్కొక్క పువ్వుకీ తేడాగా ఉన్న ఎరుపు. ఇంటికి వెళ్ళేముందు విత్తనాలున్నాయా అని అడిగింది. రెబెకా ఎండిన పూలు నాలుగు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

పందిరి పోయిన చోట ఎండ బాగా పడుతోంది. అక్కడే చల్లింది. కొబ్బరితోటల ఊళ్ళో ఇంటి ముందు అంత ఎండ దొరకడం అరుదు. మొక్కలు తొందరగా లేచి పూశాయి. కోయడమే కష్టమైంది. చాకు పట్టుకుని వెళ్ళినా చెయ్యి దానంతటది పువ్వు మెడ దగ్గరికే పోయేది, రెండు వేళ్ళూ తుంచేసేవి. కాడతో కోస్తే మొక్కకి దెబ్బ కదా అని బాధపడేది. పొద్దుటే ఎండెక్కకముందు, కాడ పొడుగ్గా ఉంచి వాలుగా కోసి, వెంటనే బకెట్లో నీళ్ళలో పెట్టాలని రెబెకా చూపించింది. కోసిన చోటు కింద నుంచి రెండు కొమ్మలు వస్తాయంది. వచ్చాయి. ఆ తరవాత ఆమె చెయ్యి మాట విన్నది.

ఇంట్లో పూల సీసా అంటూ ఏదీ లేదు. పచ్చడి జాడీ ఒకటి, ఇత్తడి చెంబు ఒకటి ఆ పనికి వచ్చాయి. పూలు బల్ల మీద నిలబెట్టడం చూసి ఆడపడుచు నవ్వింది, ఇదేం ఆఫీసా వదినా అని. సత్యవేణి పట్టించుకోలేదు.

ఇంకా రకాలు కావాలనిపించి యామినిని తీసుకుని రావులపాలెం వంతెన దాటి కడియపులంక వెళ్ళింది. నర్సరీల్లో జెర్బెరాలు చూసి ఆగలేకపోయింది. పళ్ళెమంత పువ్వు, ఆకు లేని సన్నటి కాడ. వీటికి పైన వల కట్టాలండీ, మీ బంకమట్టికి ఆగవండీ అని నర్సరీ అతను ముందే చెప్పాడు. చెప్పినా కొంది. మొదటి వానకే మట్టి చింది మొవ్వలో పడి కుళ్ళిపోయాయి. తరవాత యామిని గ్లాడియోలస్ దుంపలు తెప్పించింది. అవి కత్తుల్లాంటి ఆకులు వేసి ఆశపెట్టాయి. అక్టోబరులో వాయుగుండం పట్టి నీళ్ళు నిలిచేసరికి ఆకులు పసుపుబారాయి. సత్యవేణి ఒక దుంప తవ్వి అరచేతిలో పెట్టుకుని ఏమైందా అని నొక్కి చూస్తుంటే, యామిని ముక్కు మూసుకుని దూరంగా జరిగింది. దాన్ని పారేయమని దణ్ణం పెట్టినంత పనిచేసింది.

"అంత కంపా?" అని అడిగింది సత్యవేణి.

"అమ్మా, నీకు చెప్పలేను."

సత్యవేణికి నవ్వొచ్చింది. ముక్కు పోయాక ముక్కు మీద ఆమె నవ్వడం అదే మొదటిసారి. యామిని కూడా నవ్వింది గానీ, వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర తల్లి చెయ్యి చాలాసేపు వదల్లేదు.

అప్పటినుంచి సత్యవేణి ఎంచుకునే పద్ధతి మార్చుకుంది. అందంగా ఉందని కొనడం మానేసి, ఈ నేలలో ఏది నిలుస్తోందో చూడడం మొదలుపెట్టింది. ఎవరింటికి వెళ్ళినా దొడ్డి చూసేది. కోడిజుట్టు పూలు ఎవరూ నాటకపోయినా కాలవ గట్టు మీద మొలుస్తున్నాయి. తెచ్చి జాడీలో పెడితే వారం గడిచినా ఎర్రగా అలాగే ఉన్నాయి. రెబెకా వాళ్ళ చర్చి ప్రహరీ వెంట కొబ్బరినీడలో హెలికోనియా ఉంది. చిలకముక్కుల్లా ఎర్రటి దొప్పలు, ఒక్క కాడ ఉంటే చాలు, గది నిండినట్టుంటుంది. ఒక పిలక అడిగి తెచ్చి వెనక తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య నాటింది. తెల్ల చామంతి నిలిచింది. పసుపు చామంతి మాత్రం రెండో రోజుకే మెడ వాల్చేసింది, దాన్ని తీసేసింది. బంతి మీద ఆమెకి మనసు. రంగు బాగుంటుంది, కాడ గట్టిది, అడిగిందల్లా ఇస్తుంది. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ బంతిపూల చెంబు ఒకటి ఉండేది.

ఆ బంతిపూల దగ్గరే అసలు సంగతి తెలిసింది. ఒక పొద్దున్న ఆమె మామూలు కంటే ముందే లేచి పెరట్లోకి వస్తే, కేశవరావు నూతి దగ్గర ఉన్నాడు. పూలన్నీ ఎడమచేత్తో పట్టుకుని, చెంబులో నీళ్ళు పారబోసి, లోపల పీచుతో తోముతున్నాడు. ఆమెని చూసి దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిలబడిపోయాడు.

"ఏం చేస్తన్నారండీ?"

"నీళ్ళు మారుస్తన్నాను. బంతిపూలకి నీళ్ళు తొందరగా కుళ్ళుతాయి కదా. వాసనొస్తది."

"ఎప్పట్నించి మారుస్తన్నారు?"

"మొదట్నించీని," అన్నాడు ఆయన.

ఆమె నూతి గట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తన పూలు అంతకాలం నిలుస్తున్నాయంటే తన ఎంపిక వల్లే అనుకుంది. చెప్పలేదేమని అడిగింది. చెబితే నువ్వు బాధపడతావని, అన్నాడాయన తలెత్తకుండా. ఆయన చెంబు కడగడం అయిపోయింది, నీళ్ళు నింపడం అయిపోయింది. పూలు మళ్ళీ ఒక్కొక్కటీ సర్దుతున్నాడు, ఆమె సర్దినట్టు కాదు, అన్నీ ఒకే పక్కకి.

"మల్లెపందిరి పీకించినప్పుడు కూడా అందుకేనా ఏమీ అనలేదు?" అని అడిగింది సత్యవేణి.

ఆయన చెంబు గట్టు మీద పెట్టి తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

"నీకు పోయింది గానీ, నాకు వస్తది కదే వాసన," అన్నాడు. "పొలం నుంచొచ్చి ఆ కుర్చీలో కూర్చునేది దానికే."

గాలి కోసం కూర్చుంటాడనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది. తన బాధ తనదే అనుకుని, ఆ పందిరి కూడా తన ఒక్కదానిదే అనుకుంది. ఆ రోజంతా పనులు చేసుకుంటూనే ఉంది గానీ, కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన మాట్లాడకుండా తిన్నాడు. దానికి మాత్రం ఆమె కోప్పడింది. బాగా లేకపోతే బాగా లేదని చెప్పాలండీ, ఇకనుంచి నాకు అన్నీ చెప్పాలి, అంది.

"ఆయ్," అన్నాడు కేశవరావు.

మళ్ళీ మల్లె వెయ్యమని యామిని ఫోనులో అంది. మల్లె జోలికి వెళ్ళడానికి సత్యవేణికి ఇంకా ధైర్యం చాల్లేదు. ఆ తెల్లటి మొగ్గలు దోసిట్లో పట్టుకుంటే మళ్ళీ అదే వెతుకులాట. కాడతో కోసుకునే పూలలోనే వాసన ఉన్నది చూస్తానంది. అటువంటిది నేలసంపెంగ. అంగట్లో లిల్లీ అంటారు. మాఘమాసం వెళ్ళాక ఈసారి కేశవరావునే వెంటబెట్టుకుని కడియపులంక వెళ్ళింది. అక్కడ దుంపలు రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి, ముద్ద రకం, ఒంటిరెక్క రకం. సీసాలో పెట్టుకోవడానికయితే ముద్దదే తీసుకోండమ్మా, ఎక్కువ రోజులుంటుంది, కాడ బలంగా ఉంటుంది, వాసనే కొంచెం తక్కువ, అన్నాడు నర్సరీ అతను. ఏడాది కిందటయితే ఆమె రెండో మాట లేకుండా ముద్దదే తీసుకునేది.

"ఒంటిరెక్కే ఇవ్వండి," అంది.

గ్లాడియోలస్ నేర్పిన పాఠం ఉంది కాబట్టి మట్టి ఎత్తుగా గట్లు పోసి నాటింది. నీళ్ళు నిలవకుండా కేశవరావు కాలవ వైపు చిన్న బోదె తీశాడు. వానాకాలం మొదట్లో మొగ్గల వెన్నులు పైకి లేచాయి. కింది మొగ్గ మొదట విచ్చింది. ఆ సాయంత్రం ఆమె ఆయన్ని పిలిచింది.

"వస్తందా?"

"వస్తంది."

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆ జవాబు సరిపోదంది. బాగుండడం ఏమిటి, ఎలా బాగుందో చెప్పమంది. కేశవరావు ఇబ్బందిపడ్డాడు. మళ్ళీ వంగి వాసన చూశాడు. తియ్యగా ఉందన్నాడు. బెల్లంలాగా, పంచదారలాగా అని ఆమె నిలదీసింది. అలా కాదు, వెచ్చటి కొబ్బరిపాలలో యాలక్కాయ వేసినట్టు అన్నాడు చివరికి. సత్యవేణి కళ్ళు మూసుకుంది. కొబ్బరిపాలు గుర్తున్నాయి, యాలక్కాయా గుర్తుంది. రెండూ కలిపి మనసులో పెట్టుకుని చూసి, కాదండీ, నేలసంపెంగలో కొంచెం పచ్చివాసన కూడా ఉంటుంది, అది రావట్లేదా, అంది. ఆయన ఇంకోసారి వంగాడు. ఉంది, అడుగున ఉంది, అని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న సత్యవేణి కోసిన జీనియాలు, కోడిజుట్టు, హెలికోనియా రెబెకా చేతుల మీదుగా చర్చికి వెళుతుంటాయి. నేలసంపెంగ వెన్నులు మాత్రం ఎక్కడికీ పోవు, కేశవరావు పడక్కుర్చీ పక్కనే జాడీలో ఉంటాయి. మాట తక్కువ మనిషి కాస్తా ఆ పూల దగ్గర తగువు పెట్టుకునేదాకా వచ్చాడు. మొన్నొకరోజు చేలోంచి రాగానే, చెప్పులింకా కాళ్ళకుండగానే, ఈ రోజు వాసన నిన్నటికంటే పలచగా ఉంది, మొక్కల మొదళ్ళలో తడారిపోయినట్టుంది చూడమన్నాడు. సత్యవేణి వెళ్ళి మట్టి వేలితో తాకి చూసింది. నిజంగానే ఎండింది. బిందె తీసుకుని నూతి దగ్గరికి నడిచింది.