దర్జీ పేరు మీద పడ్డ ఈసీజీ

ఆస్పత్రిలో అందరూ ఈసీజీ అక్క అని పిలిచే ఆవిడ ఆ కాగితాన్ని మూడుసార్లు తిప్పి చూసింది. పేరు హెర్నియా ఆపరేషన్‌కి చేరిన దర్జీది. టైము ఉదయం ఏడూ పది. కింద కంప్యూటర్ తేల్చిన మాట: ‘గుండె పంపింగ్ తక్కువగా ఉండవచ్చు. గుండెకి ఎకో స్కాన్ తీయాలి.’

ఏడూ పదికి ఈసీజీ మంచం మీద పడుకున్నది దర్జీ కాదు, ఆవిడే. మెషీన్ సరిగ్గా ఉందో లేదో పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని తన ఒంటి మీదే చూసుకోవడం ఆవిడకి పంతొమ్మిదేళ్ల అలవాటు. ఆ కాగితం నేరుగా చెత్తబుట్టలోకి పోయేది. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. యాభై దాటినవాళ్లు కాలు విరిగి చేరినా సరే, పైకి తెలియని గుండె నీరసం ఉందేమోనని ఈసీజీ తీసి కంప్యూటర్‌కి చూపించాలి. ఆ పూట మొదటి రోగిగా దర్జీ పేరు ముందే కొట్టి పెట్టి, చెరపకుండానే పడుకుంది మహాతల్లి.

ఆవిడ వార్డుకి వెళ్లేసరికే దర్జీ ఆపరేషన్ ఆపేశారు.

“ఏమ్మా, నాకు గుండె జబ్బని రాశావంట! నిన్నట్నుంచి పస్తున్నాను. రోగం నాకు కాదు, నీ మెషీన్‌కి!”

“అది మీది కాదు బాబాయిగారూ. పొరపాటైంది.”

“మరెవరిది?”

ఆవిడ కాగితాన్ని వెనక్కి దాచుకుంది. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న పెద్దాయన ఛాతీ తడుముకున్నాడు. “కొంపదీసి నాదా?”

ఇక దాస్తే లాభం లేదని డాక్టరు దగ్గరికెళ్లి చెప్పేసింది. ఆయన ఫోను చెవి నుంచి తియ్యకుండానే, “ముందు ఆయనకి మళ్లీ తీయండి. మీకు ఎకో రాస్తాను, నంబరు తెచ్చుకోండి” అన్నాడు. దర్జీకి మళ్లీ తీస్తే శుభ్రంగా ఉంది. ఆయన విజయగర్వంతో థియేటర్‌కి బయల్దేరాడు. మిగిలింది ఆవిడ.

ఎకో గదిలో నంబరు లేనిదే కంప్యూటర్ తెరుచుకోదన్నారు. నంబరిచ్చే కిటికీ దగ్గర గుమస్తా టీకి వెళ్లాడన్నారు. వచ్చాక చూస్తే లైనులో పద్నాలుగు మంది. వాళ్లలో సగం మంది, “ఏంటక్కా, మీరూ ఇక్కడే!” అని పలకరించేవాళ్లే. ప్రతి ఒక్కరికీ ‘ఎవరికోసమో’ అని అబద్ధం చెప్పి చెప్పి ఒళ్లు మండిపోయింది.

“కంప్లెయింటు ఏంటక్కా?” అన్నాడు గుమస్తా.

“ఏం లేదు. స్క్రీనింగు.”

“అది చేరినవాళ్లకే. బయటివాళ్లకి ఏదో ఒక బాధ ఉండాలి.”

“బాధ తెలియనివాళ్లలో వెతకడానికేగా అది పెట్టింది!”

“నన్నడిగి పెట్టారా అక్కా? ఖాళీ వదిలితే ఇది ముందుకెళ్లదు. ఒళ్లు నొప్పులని కొట్టేయనా?”

“కొట్టు! బిళ్లలిచ్చి ఇంటికి పంపేస్తారు.”

వెనక ఎవరో దగ్గారు. రోజుకి పాతికమందిని ‘ఆయాసం ఉందా’ అని అడిగే మనిషి, ఆ ప్రశ్న తనకి ఎవరైనా వేస్తారేమోనని బిక్కచచ్చి నిలబడింది. ఎవరూ వేయలేదు. కిటికీ కన్నంలోకి వంగింది.

“రెండో అంతస్తు మెట్ల మలుపులో రోజూ ఆగుతున్నాను. ఎవరైనా వస్తుంటే ఫోను చూసుకుంటున్నట్టు నిలబడతాను. నాలుగు నెలలైంది. అది రాయి.”

గుమస్తా టైపు చేస్తూనే తలెత్తాడు. “లిఫ్టు ఉందిగా అక్కా?”

“రోగులకే, స్టాఫ్ ఎక్కకూడదని బోర్డు పెట్టారుగా నాయనా!”

చీటీ బయటికొచ్చింది. ఆవిడ దాన్ని లాక్కుని తిన్నగా లిఫ్టులోకి నడిచింది. “అక్కా, స్టాఫ్...” అంటూ లిఫ్టు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆవిడ ఆ చీటీ అతని ముక్కు ముందు ఆడించి, “ఎకో గది” అంది.