మల్లయ్య కారు మొక్కు

1961 ఎండాకాలం. అప్పట్లో జగిత్యాల బస్టాండు వెనక నాకొక రేకుల షెడ్డు ఉండేది. సత్తార్ భాయ్ షెడ్డు అంటే ఎవరైనా దారి చూపించేవారు. ఎక్కువగా లారీలే వచ్చేవి. వచ్చే కొద్దిపాటి కార్లలో నాకు ఇష్టమైనది మెట్‌పల్లి మల్లయ్య టాక్సీ. ఎవరో దొర వాడి వదిలేసిన పాత ఇంగ్లీషు కారు అది. మల్లయ్య, అతని భార్య లచ్చవ్వ దాన్ని ముద్దుగా 'కోడె' అనేవారు. ఇంజన్ పొగ కక్కడం మొదలుపెట్టినప్పుడు, బాగైతే వేములవాడ శివుడు రాజన్నకు మొక్కినవాళ్లు కోడెను కట్టినట్టే కారును తెచ్చి గుడి ముందు నిలబెడతానని లచ్చవ్వ మొక్కుకుంది.

ఆ ఇంజన్‌ను పూర్తిగా విప్పి, కొత్త రింగులు, బేరింగులు వేసి మళ్లీ కట్టాను. అప్పజెప్పేటప్పుడు అందరికీ చెప్పే మాటే మల్లయ్యకూ చెప్పాను. ఇంజన్ కింది భాగం బ్లాకు. దాని మీద మూతలా కూర్చునేది హెడ్. రెండింటి మధ్య పరిచే రాగి రేకు హెడ్ గ్యాస్కెట్. సిలిండర్లలోని మంటనూ చుట్టూ తిరిగే నీళ్లనూ కలవనివ్వనిది అదే. కొత్త గ్యాస్కెట్ వేడికి అణుగుతుంది, నట్లు వదులవుతాయి. కాబట్టి బండి కొంత తిరిగాక వచ్చి నట్లు మళ్లీ బిగించుకుపోవాలి. మల్లయ్య తల ఊపాడు. తల అందరూ ఊపుతారు. బండి బాగా నడుస్తుంటే షెడ్డు మొహం మళ్లీ ఎవరు చూస్తారు?

కొన్నాళ్లకు కారు వచ్చింది, కానీ ఎడ్లు లాక్కుంటూ తెచ్చాయి. వేములవాడ దారిలో తెల్లటి పొగ వదిలి, నీళ్లు సలసల మరిగి ఆగిపోయిందట. కోడెను ఎడ్లు లాక్కురావడం చూసి నాకు నవ్వొచ్చింది గానీ, మల్లయ్య మొహం చూసి మింగేశాను.

"బ్లాకు పగిలిందా భాయ్? పగిలితే చెప్పు. పాత ఇనుపోనికి ఇచ్చేసి మంచిర్యాలకు లారీ తోల పోత. లచ్చవ్వకు మాత్రం నువ్వే చెప్పాలె."

"జర ఆగు మల్లన్నా. చూడకముందే ఏడుపెందుకు?" అన్నాను. పోయింది గ్యాస్కెట్ అయితే కొత్తది వేస్తే సరి. బ్లాకు పగిలితే ఆ కారు కథ ముగిసినట్టే. బయటికి కనబడే లక్షణాలు మాత్రం రెండింటికీ ఒకటే.

బానెట్ తెరవబోతే పసుపు దారం, మామిడాకులు అడ్డం వచ్చాయి.

"మొక్కు తీరేదాక ఇప్పొద్దని నేనే కట్టిన," అంది కారు వెనక నుంచి ముందుకొచ్చిన లచ్చవ్వ.

అంటే నట్లకు మళ్లీ పానా తగల్లేదన్నమాట. "మరి నీళ్లెట్ల పోసిన్రు?"

"రేడియేటర్ మూత బయటనే ఉన్నది గద. కోడెకు తానం చేపించినట్టు పసుపు నీళ్లు పోసిన."

నాకు కోపం నషాళానికంటింది. నోరు తెరిచేలోపే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చేతులతోనే చంపుకున్ననా భాయ్?" అంది. ఇంకేం తిడతాను?

దారం తీసి, బానెట్ ఎత్తి, ప్లగ్గులన్నీ ఊడదీసి, మల్లయ్యను హ్యాండిల్ తిప్పమన్నాను. మూడో సిలిండర్‌లోంచి పసుపు నీళ్లు చిమ్మి నా అంగీ నిండా పడ్డాయి.

"పెండ్లికొడుకు లెక్క అయినవ్ భాయ్," అన్నాడు మల్లయ్య, అంత దుఃఖంలోనూ.

హెడ్ విప్పాను. గ్యాస్కెట్ మీద, నీళ్ల రంధ్రం నుంచి మూడో సిలిండర్ అంచు దాకా సన్నటి పసుపు గీత. లచ్చవ్వ పోసిన పసుపే దారి చూపించింది. అయినా లోపల పగులు ఉండొచ్చు. బ్లాకుకూ హెడ్‌కూ కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్ద రుద్దాను. పగులుంటే అందులో దాగిన నూనె సుద్ద మీద తడిగీతలా పైకొస్తుంది. ముగ్గురం సుద్ద వైపే చూస్తూ కూర్చున్నాం. సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

"పగల్లే," అన్నాను. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

హైదరాబాదు నుంచి గ్యాస్కెట్ తెప్పించి వేశాను. ఈసారి మల్లయ్యకు ఏమీ చెప్పలేదు. "లచ్చవ్వా, నీ లెక్కనే నాకు గూడ ఒక మొక్కున్నది," అన్నాను. "బండి జర తిరిగినంక, ఇంజన్ సల్లారినంక నట్లు మళ్ల బిగించాలె. గది తీరకుంటే నీ కోడె రాజన్న దాక పోదు."

మళ్లీ వేములవాడకు బయలుదేరిన రోజున కారు నేరుగా నా షెడ్డు ముందు ఆగింది. బానెట్ మీద కొత్త పసుపు దారం ఉంది. దాన్ని విప్పమని లచ్చవ్వకు చెప్పలేక మల్లయ్య నసిగాడు. ఇంజన్ చల్లారేదాకా ఇద్దరూ షెడ్డు నీడలో సద్ది తిన్నారు. తర్వాత లచ్చవ్వ లేచి తన చేతులతోనే ముడి విప్పింది.

"ముందుగాల నీ మొక్కు తీర్చుకో భాయ్. రాజన్న యాడికి పోడు."

పానా వేస్తే ప్రతి నట్టూ కొంచెం కొంచెం తిరిగింది. పని అయ్యాక ఆమె దారం మళ్లీ కట్టి, నా పానాకు కూడా ఇంత పసుపు రాసింది. ఆ సాయంత్రం కోడె గుడి ముందు నిలబడిందని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి నేనెవరికీ గ్యాస్కెట్ అణుగుతుందని పాఠం చెప్పలేదు. ఇంజన్ అప్పజెప్పేటప్పుడు "ఇంక నా మొక్కొకటి మిగిలింది" అనేవాణ్ని. మనిషికి చెప్పాల్సింది అతని ఇంటి మాటలోనే చెప్పాలని నాకు లచ్చవ్వ నేర్పింది. అంతకుముందు తల ఊపి మాయమైపోయిన లారీవాళ్లే, బండి షెడ్డు ముందు ఆపి, "మొక్కు తీర్చనీకి వచ్చిన భాయ్" అంటూ దిగేవారు.