నిలువు భోజనానికి నల్లరాళ్ళు

ఆ రోజుల్లో మా వైపు కోపాన్ని కూడా అన్నంలాగే పొయ్యి మీదనుంచి దించీ దించకముందే వడ్డించేవాళ్ళు. చల్లార్చి, మూతపెట్టి, నెల తర్వాత ఇంకెవరి మీదో ఒలకబోసే నాగరికత ఇంకా మా దాకా రాలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్ళలో కార్లు వచ్చాయి, ఆఫీసర్లు వచ్చారు, వాళ్ళ వెనకే నిలబడి తినే భోజనమూ వచ్చింది. మొదటి రెండింటి మీద నాకిప్పుడు కోపం లేదు. మూడోదాని మీద మాత్రం ఇంత వయసొచ్చినా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెబితే తప్పు నాదేనని తేలిపోతుంది. అయినా చెబుతాను.

మా నాయన నంద్యాలలో పేరున్న వంటాయన. చుట్టుపక్కల రైతుల ఇళ్ళలో ఏ శుభకార్యమైనా గంగాళాలు బస్సు మీదికెక్కించి బయలుదేరేవాడు. ఇంటర్మీడియట్ నన్ను రెండుసార్లు వద్దన్నాక నేనూ ఆయన వెంట బయలుదేరాను. (గరిటె పట్టుకోవడానికి మార్కుల పట్టీ అడగరు కదా.) ఆయన వంటకు శాస్త్రం ఒక్కటే. జనం బంతిలో కూర్చుని, ఆకుల మీద నీళ్ళు చల్లుకున్నాకే గంజి వార్చాలి. పొట్టేలు కూర నిప్పుల మీద కుతకుతమంటూనే ఉండాలి, అక్కడినుంచి నేరుగా ఆకులోకి రావాలి. "కాలుతా అన్నా ఉండల్ల, పచ్చిగా అన్నా ఉండల్ల. గోరువెచ్చని కూరనూ గోరువెచ్చని మనిషినీ నమ్మగూడదు" అనేవాడు. ఆయనకు ఆస్తీ లేదు, పొలమూ లేదు, ఉన్నదంతా ఒక్క మాట. "నా చేతికూడు తిని ఇంతవరకూ ఒక్కడు చెంబు పట్టుకోని పరిగెత్తలేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మీసం తనంతట తానే పైకి లేచేది.

అట్లాంటి మనిషి ఇంట్లో లేని మధ్యాహ్నం, ఆళ్లగడ్డ నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడొక పెద్ద రైతు నూనెమిల్లు పెట్టాడు. ఆ పెద్దాయన అల్లుడే వచ్చినాయన. మద్రాసులో చదివినవాడు, మండే ఎండాకాలంలోనూ కోటు విప్పనివాడు. మిల్లు తెరవడానికి కర్నూలు నుంచి పెద్దాఫీసరు వస్తాడట. "బంతులూ విస్తళ్ళూ పాతబడిపోయాయండీ. అన్నీ ముందే వండి బల్లల మీద అమర్చాలి. ఆఫీసరుగారు దిగగానే కళ్ళు చెదరాలి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుని నిలబడి తింటారు" అని ఇంగ్లీషు పత్రికలోని బొమ్మ ఒకటి చూపించాడు. తెల్లగుడ్డ, పూలు, వెండిమూతలు. బొమ్మలో కూర ఎన్నాళ్ళయినా చెడదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నన్ను 'మీరు' అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. "దానికేముంది సార్, అయిపోతుంది" అన్నాను.

సాయంత్రం నాయన వచ్చాడు. "ఎవుర్ని అడిగి ఒప్పుకున్నావ్‌రా?"

"నువ్వు లేవు గదా నాయనా."

"నేను లేకపోతే ఇల్లు గూడా అమ్ముతావా?"

"కొనేటోడు రావల్ల గదా."

గరిటె నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. (ఆ సొట్ట గోడకు పడిందో గరిటెకు పడిందో మా అమ్మ చాలాకాలం వెతికింది.) కానీ ఇచ్చినమాట వెధవ కొడుకు ఇచ్చినా మాటేనని ఆయన లెక్క. "ఎండాకాలంలో కూరను బల్ల మీద పెట్టి, దానికి విసనకర్రతో విసురుతా కూచో. ఒక్కడు చెంబు పట్టినాడంటే నువ్వు నా కొడుకువు కాదు" అన్నాడు. అట్లా ఆయన పేరంతా నా చేతిలో పడింది.

కార్యానికి ముందురోజే ఆళ్లగడ్డలో దిగాం. మిల్లు పక్కనే విగ్రహాలు చెక్కే ముసలి ఆచారి కొట్టం ఉంది. దాని వెనక సగం చెక్కి వదిలేసిన చిన్నచిన్న నల్లరాళ్ళు పడున్నాయి. ఒకదానికి ముక్కు దగ్గర పగులు, ఒకదానికి చెవి లేదు. పగులొస్తే పూజకు పనికిరాదట. పొద్దున్నుంచీ ఎండకు పడున్న ఒక రాయి మీద చెయ్యి పెట్టి 'అబ్బా' అని తీశాను. అంతే, నా బుర్ర వెలిగింది. (అది వెలిగినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరు కాలడం మామూలే.)

"తాతా, ఈ రాళ్ళు నిప్పుల్లో కాల్చుకుంటా, ఇస్తావా?"

"దేవుని రాళ్ళు కాలుస్తావా?"

"దేవుడు కాలేదు గదా ఇంకా."

ఆచారి ఉలి కింద పెట్టి నవ్వాడు. "ఇంకా కండ్లు తెరిపియ్యలేదులే, ఉత్త రాయే. దేవుడు కాలేకపోయినాడు, పొయ్యిరాయన్నా కానీ. తీస్కపో" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు రాయిని కాక నన్నెందుకు చూశాడో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మిల్లు కట్టినవాళ్ళ సున్నపు బాండ్లీలు కడిగి, ఇసుక పోసి, ఎర్రగా కాల్చిన రాళ్ళు అందులో కప్పి, పైన గంగాళాలు పెట్టాను. పొట్టేలు కూర, పప్పు, ఉర్లగడ్డ కూర్మా, చిత్రాన్నం, పాయసం. పన్నెండు గంటలకు కూర బల్ల మీద కూడా కుతకుతమంటోంది. అల్లుడుగారు నా భుజం తట్టాడు. నాయన రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, "ఎంతసేపు కాక నిలుస్తాదిరా వీటికి?" అన్నాడు. "సాయంత్రందాకా" అన్నాను. నాకు తెలియదని ఆయనకు తెలుసు. ఇంకేదో అనబోయేలోగా, మసిపంచెతో వంటవాడు బల్లల దగ్గర కనపడకూడదని అల్లుడు ఆయన్ను మిల్లు వెనక్కి పంపేశాడు. నాకు ఒళ్ళు మండింది. మండినా భుజం ఇంకా తట్టించుకుంటూనే ఉన్నాను.

పన్నెండుకు రావలసిన ఆఫీసరు ఒంటిగంటకు రాలేదు, రెండింటికీ రాలేదు. జనం పందిట్లో కూర్చుని బల్లల వైపు చూస్తున్నారు. ఆఫీసరు ముట్టందే ఎవరూ ముట్టకూడదు. గంగాళం అడుగున చెయ్యి పెట్టి చూశాను. జ్వరం తగ్గుతున్న పిల్లాడి ఒళ్ళులా ఉంది. "సార్, గంగాళాలు దింపి రాళ్ళు మళ్ళీ కాలుస్తా" అంటే, "పూలు చెదిరిపోతాయయ్యా! ఈ నిమిషమో ఇంకో నిమిషమో వచ్చేస్తారు" అన్నాడు. ('మీరు' అప్పటికే చల్లారిపోయింది.) పూలు చెదరకుండా కింది రాళ్ళు మాత్రం మార్చుకుందామని, మిల్లు నేలకు పరిచాక మిగిలిన నాపబండ ముక్కలు తెచ్చి పందిరి పక్కనున్న నిప్పుల్లో పడేశాను. అటుగా పోతున్న ఆచారి ఆగాడు.

"నల్లరాయి ఓర్చుకుంటాది నాయనా, నాపరాయి ఓర్చుకోదు."

"ఓర్చుకునేదాకా కాలుస్తాలే తాతా."

ఆయన తల ఊపి, దూరంగా పోయి నిలబడ్డాడు. ఆ దూరం ఎందుకో నేను ఆలోచించి ఉండాల్సింది.

మూడు దాటాక నాయన మసిపంచెతోనే వచ్చాడు. కూర మీది మూత తీశాడు. మూత లోపల పట్టిన నీళ్ళు బొట్లుబొట్లుగా కూరలోకి రాలాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని పక్కకు ఉమ్మేశాడు.

"తిరిగింది, చెడిపోతాంది" అన్నాడు.

అల్లుడు రుచి చూసి, "నాకు బాగానే ఉందే!" అన్నాడు.

"ఇప్పుడు బాగనే ఉంటాది. తెల్లారినాక అడుగుతా."

"పోనీ ఇంత మసాలా దట్టించి మళ్ళీ కాచండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది గదప్పా" అన్నాడు నాయన. చాలా నెమ్మదిగా అన్నాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడితే మా ఇంట్లో అందరం వీధిలోకి పోయేవాళ్ళం. వెనక్కి వెళ్ళి, పొయ్యిలోంచి బాండ్లీ నిండా బూడిద ఎత్తుకొచ్చి, పొట్టేలు కూరలో ఒక పిడికెడు, పప్పులో ఒక పిడికెడు, కూర్మాలో, చిత్రాన్నంలో, పాయసంలో, విత్తనాలు చల్లినంత శ్రద్ధగా చల్లుకుంటూ పోయాడు. ఇక దాన్ని ఎవరూ ఎవరికీ వడ్డించలేరు.

మిల్లు పెద్దాయన చేతికర్ర ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏందప్పా ఇది? మిల్లు తెరిచే దినమే నా ఇంట బూడిద పోస్తావా?"

"నీ ఇంట పోయలేదు పెద్దాయనా. నీ ఇంటికొచ్చినోళ్ళ కడుపులో ఈ కూర పోసింటే తెలిసేది."

కర్ర పైకి లేచింది. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. (ధైర్యం అనుకునేరు, పారిపోవడానికి ఉన్న దారి అదొక్కటే.) కానీ నిలబడ్డాక పారిపోలేదు. "తప్పు నాది పెద్దాయనా. బల్ల మీద పెట్టగూడదని మా నాయన మొదట్నుంచీ చెప్తానే ఉండాడు. నేనే ఒప్పుకున్యా. కొడితే నన్ను కొట్టు" అన్నాను. కొట్టేవాడే. సరిగ్గా అప్పుడే నా నాపరాళ్ళు ఓర్పు కోల్పోయాయి.

ఢాం! ఢఢాం! ఒక పెచ్చు పందిరిని చీల్చుకుపోయింది, ఒకటి పాయసంలో పడింది. జనం బల్లల కింద దూరారు. ఆ పొగలో, ఆ దుమ్ములో ఆఫీసరుగారి కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, మూడో బండ పేలుతుండగా చిరునవ్వుతో అందరికీ నమస్కారం పెట్టాడు. తనకోసమే టపాకాయలు కాలుస్తున్నామనుకున్నాడు. మేమెవరమూ కాదనలేదు.

తర్వాత ఆఫీసరు పెద్దాయన చెవి దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఒక చెంబు దొరుకుతుందా?"

చెంబుతో పోయిన ఆయన ఎంతకీ తిరిగి రాకపోయేసరికి డ్రైవరు అసలు సంగతి చెప్పాడు. ముందురోజు ఇంకెక్కడో ఇట్లాగే నిలువు భోజనం పెట్టారట. తెల్లవారుజామున వండింది మధ్యాహ్నం దాకా పూల మధ్య ఉందట. పొద్దున్నుంచీ కారు ఆగని తుమ్మచెట్టు లేదు. అందుకే ఆలస్యం. పెద్దాయన చేతికర్ర కిందికి దిగింది. అల్లుడు కోటు విప్పడం మొదటిసారి చూశాను.

"బియ్యం ఎత్తి పెట్టుకున్యా, పప్పు ఉంది. అందర్నీ కూచోబెట్టు పెద్దాయనా" అన్నాడు నాయన. మిల్లు గోడ నీడలో బంతులు వేశాం. అన్నం, ముద్దపప్పు, చింతపండు చారు, పొయ్యి మీదనుంచి నేరుగా ఆకుల్లోకి వచ్చాయి, వేళ్ళు కాలి జనం ఊదుకుంటూ తిన్నారు. ఎవరికోసం ఇంత రభస జరిగిందో ఆ ఆఫీసరు తిన్నది మాత్రం ఇంత మజ్జిగన్నం, ఉప్పు.

నంద్యాల బస్సులో నాయన ఏదైనా మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. పెద్దాయన ముందు తప్పు ఒప్పుకున్నాను కదా! చాలాదూరం వచ్చాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు. "రాయి కాగేది చూసినావు. ఆరేది చూడకుండానే సాయంత్రందాకా అన్యావు." అంతే. కానీ ముక్కుపగిలిన రాయి ఒకటి ఆయన కాళ్ళ దగ్గర గోనెసంచిలో ఉంది. బతికినంతకాలం ఆ రాయి కాల్చి పాలగిన్నె దానిమీదే పెట్టించాడు.

మొన్న నంద్యాలలో మనవరాలి పెళ్ళి. నిగనిగలాడే స్టీలు పెట్టెలు, వాటి కింద నీలిమంటలు, ముందంతా పూలు. అలవాటుకొద్దీ ఒక్కొక్క పెట్టె కిందా చెయ్యి పెట్టుకుంటూ పోయాను. నాలుగోదాని కింద మంట ఎప్పుడో ఆరిపోయి ఉంది, కూర గోరువెచ్చగా ఉంది. అరవై ఏళ్ళ కోపం ఒక్కసారిగా లేచింది. "బూడిద తెండి!" అని అరిచాను.

"బూడిద యాడుంటాది తాతా, అంతా గ్యాసే గదా" అంది మనవరాలు, పెళ్ళిపట్టుచీరలో తల పట్టుకుని.

నిజమే. ఇంత పెద్ద ఊళ్ళో పిడికెడు బూడిద దొరకలేదు. అప్పుడు తెలిసింది నాకు, మా నాయన కోపం నల్లరాయి, నాది నాపరాయి. ఒక్క పేలుడుతో సరి. ఆ పెట్టెను వెనక్కి పంపించి, ఒక మూల కుర్చీలో కూర్చుని ఇంత మజ్జిగన్నం తిన్నాను. చల్లగా, హాయిగా ఉంది.