ఎల్లారెడ్డిలో సాయన్న విగ్రహం

సాయన్న విగ్రహం పెడుతున్నారని ఫోను రాగానే సికింద్రాబాదులో పొద్దున రైలెక్కాను. బాక్సింగులో నన్ను రెండుసార్లు ఓడించిన ఎల్లారెడ్డి చాంపియన్ అతను. నిరుడు పచ్చకామెర్లతో పోయాడు.

తొమ్మిది దాటాక కామారెడ్డిలో దిగి, బస్టాండులో ఇడ్లీ తిని ఎల్లారెడ్డి బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో పెద్దామె సాయన్న తల్లి లచ్చవ్వ అని మాటల్లో తెలిసింది. కామారెడ్డిలో కూతురి దగ్గర ఉంటోందట.

"మావోనితోని ఆడినవా? గెల్చినవా?" అని అడిగింది.

"లేదవ్వా, రెండుసార్లు ఓడిన."

"అయినా గింత దూరమొస్తున్నవ్," అంటూ కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

లింగంపేట దాటాక ఆమె ఫోను మోగింది. వింటున్నకొద్దీ ముఖం బిగుసుకుంది.

"ఆటోలోళ్లు గద్దె మీద కూసున్నరట. విగ్రహం పెట్టనియ్యరట."

విగ్రహం కోసం గద్దె కట్టింది చౌరస్తాలో ఆటోలు నిలిపే అడ్డాలోనేనట.

పదకొండు గంటలకు చౌరస్తాలో దిగాం. వ్యానులో గుడ్డ చుట్టిన విగ్రహం, దాని ముందు సాయన్న దగ్గర బాక్సింగు నేర్చుకున్న శిష్యులు, ఎదురుగా గద్దె మీద డ్రైవర్లు. ఇద్దరే పోలీసులు. ఒక శిష్యుడు చొక్కా చేతులు మడిచాడు. దెబ్బ కొట్టేవాడికి చేతికన్నా ముందు భుజం కదులుతుంది. అతని భుజం కదిలింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

ఈలోగా లచ్చవ్వ రెండు గుంపుల మధ్యకు నడిచింది.

"రింగుల తప్ప బయట మావోడు ఎవ్వలమీద చెయ్యెత్తలే. వాని పేరు మీద తలకాయలు పగలగొట్టుకుంటరా?"

గద్దె మీది పెద్ద డ్రైవరు లేచాడు. "సాయన్న మీద కోపం లేదవ్వా. బండ్లు యాడ పెట్టుకోవాలె?"

"గీడనే పెట్టుకోండ్రి. వాన్ని బడి గ్రౌండుకు తీస్కపోండ్రి. రోజు పొద్దుగాల ఆడనే ఉరికేటోడు."

శిష్యుడి పిడికిలి చాలాసేపటికి గానీ వదులు కాలేదు.

గ్రౌండులో విగ్రహాన్ని దించడానికి డ్రైవర్లూ భుజం పట్టారు. గద్దె లేదు కాబట్టి నేల మీదే నిలబెట్టి చుట్టూ రాళ్లు ఆనించారు. లచ్చవ్వే గుడ్డ తీసింది. ఆటలో దెబ్బ తిని వంకరపోయిన ముక్కును విగ్రహం మీద తడిమి చూసి, "వంకర గూడ పెట్టిన్రు," అంది. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

మూడింటి బస్సుకు తిరుగుముఖం పట్టాను. చూడాలనుకునేవాళ్లు ఎల్లారెడ్డి బస్టాండులో ఎవరినడిగినా బడి గ్రౌండు చూపిస్తారు. రింగులో సాయన్నకు ఎదురు నిలిచినప్పుడు కూడా నేను ఆ చౌరస్తాలో భయపడ్డంతగా భయపడలేదు. గద్దెల మీది విగ్రహాలను తలెత్తి చూస్తాం. నేల మీదున్న సాయన్నను మాత్రం ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి వచ్చాను.